తుప్పు మీదికి నెట్టిన తప్పు

చీట్ నది పొంగి లోయంతా ఊడ్చుకుపోయాక మూడో ఏడు అది. మా లోయలో అప్పట్నించీ లెక్కలన్నీ వరద నించే. ఫలానా ఆవు వరదకి ముందు ఈనింది, ఫలానా వాడి పెళ్లి వరద తర్వాత అయింది, అలాగ. ఆ మూడో ఏడు నవంబరులో, దుప్పుల వేట ఇంకా పద్దెనిమిది రోజులుందనగా, హోబర్ట్ నెస్టర్ అనే పెద్దాయన ఆర్డెన్ కొట్లో నిలబడి తుపాకి కొనలేక చస్తున్నాడు.

డబ్బుల్లేక కాదు. జనం ఉండబట్టి.

ఆర్డెన్ కొట్లో దాణా, మేకులు, గొడ్డళ్లు, తుపాకులు అన్నీ ఒకటే గది. మధ్యలో ఇనప పొయ్యి. పొయ్యి చుట్టూ పనీపాటా లేనివాళ్లు. ఎవడన్నా తుపాకి బేరానికొస్తే వాళ్లకి పండగ. కాపరం చేసేది పెళ్లికొడుకైనా పిల్లకి వంకలు పెట్టేది వెంటొచ్చినవాళ్లే కదా.

“ఒంటి తూటాదే కావాలా బాబాయ్?” అన్నాడు ఆర్డెన్ మూడోసారి.

“ఆఁ.”

“ఎందుకట?”

“కావాలి.”

ఒంటి తూటా తుపాకి అంటే మధ్యకి విరిచి, ఒక్క తూటా పెట్టి, మూసి, వెనకున్న గుర్రమనే సుత్తి ముక్కని బొటనవేలితో లాగి కాల్చేది. ఇంకోటి కాల్చాలంటే మళ్లీ విరవాల్సిందే. హోబర్ట్ పాత తుపాకి అలాంటిది కాదు. కుడిపక్కన గడియ ఉంటుంది, లోపల అయిదు తూటాలు పడతాయి, గడియ లాగి తోస్తే చాలు.

“అయిదు పెట్టుకునే పోయినేడు చొక్కా కోయించుకున్నాడు,” అన్నాడు డెల్మస్ పొయ్యి దగ్గర్నించి. “ఇప్పుడు ఒక్కటి చాలంట. మా బావకి దుప్పుల మీద జాలి పుట్టుకొచ్చిందర్రా.”

అందరూ నవ్వారు. డెల్మస్ హోబర్ట్ పెళ్లాం లెథాకి తమ్ముడు. నోరు కట్టేసుకుని పుట్టలేదు.

“నువ్వు మూసుకోరా,” అన్నాడు హోబర్ట్.

“మూసుకుంటా బావా. మంచి తుపాకి కొను, మూసుకుంటా. ఆ తుప్పు ముక్కతో మాత్రం కొండెక్కమాక. ఇది ఎన్నోసారి చెప్పడం?”

చాలాసార్లే చెప్పాడు. ఏడాది పొడుగునా చెబుతూనే ఉన్నాడు. చర్చి మెట్ల మీద చెప్పాడు, గడ్డి కోతల్లో చెప్పాడు, లెథా పుట్టినరోజు నాడు కేకు నోట్లో పెట్టుకుని కూడా చెప్పాడు. వాడికి నా తుపాకి మీద ఏమిటింత ఏడుపు అని హోబర్ట్ అనుకోని రోజు లేదు. అనుకుని, తనే జవాబు చెప్పుకున్నాడు. కనుమ మీద కన్ను, ఇంకేముంది.

కనుమ సంగతి చెప్పాలి. కొండ మీద ఏడుగురికి కలిపి ఒక వేట గుడిసె ఉంది. ఒక్కొక్కడికి ఒక్కో మాటు. ఎవడి మాటు వాడిదే, ఇంకొకడు కూచోడు. రెండు శిఖరాల మధ్య కనుమ దగ్గరున్న మాటు హోబర్ట్‌ది, అంతకుముందు వాళ్ల నాన్నది. దుప్పి గానీ ఎలుగు గానీ ఆ పక్కనించి ఈ పక్కకి రావాలంటే కనుమలోంచే రావాలి. గుడిసెలో ఇంకో కట్టడి ఉంది. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ కారణమూ పెన్సిల్‌తో రాసి, పొయ్యి వెనక గోడకి మేకు కొడతారు. వరసగా రెండేళ్లు రెండు గుడ్డముక్కలు పడ్డాయా, మాటు వదులుకోవాలి. వరసలో తర్వాతివాడు ఎక్కుతాడు. ఆ తర్వాతివాడు డెల్మస్. ఇరవయ్యేళ్లుగా కనుమ కింద వాగు మలుపులో, పెద్ద హెమ్లాక్ చెట్టు మొదట్లో కూచుంటున్నాడు.

హోబర్ట్‌కి నలభై ఒక్క ఏళ్లలో గోడ మీద ఒక్క ముక్కా లేదు. పోయినేడు పడింది. దాని మీద, గుడిసెలో వంట చేసే ముసలి రాస్కో వంకర అక్షరాలతో రాశాడు: ‘హోబర్ట్. తుప్పు.’

వరదలో ఆ తుపాకి పదకొండు రోజులు బురదలో ఉంది. నిజమే. హోబర్ట్ తీసి, కిరసనాయిలు పోసి, గుడ్డలు దూర్చి, వారం రోజులు తోమాడు. అదీ నిజమే. తర్వాత అది ముందెలా పేలిందో అలాగే పేలింది. గొట్టంలో తుప్పు ఆనవాలు లేదు. అందరూ “తుప్పేలే, పాపం” అంటే హోబర్ట్ కాదనలేదు. అంతే, ఆయన చేసింది. కాదనకపోవడం.

అసలు సంగతి కుడి కన్ను. దానికి పొర కమ్మింది. వరద వెళ్లిన ఏడాదికి మొదలైంది. ముందు దీపం చుట్టూ వలయం కనబడింది, తర్వాత కంచె గుంజలు రెండేసి కనబడ్డాయి. పోయినేడు కనుమలో ఒక దుప్పి రెండు దుప్పులై నిలబడితే, ఏది అసలుదో తేల్చుకోలేక వేలు బిగించాడు.

ఎడమ కన్ను శుభ్రంగా ఉంది. ఎడమ భుజానికి ఆనించి కాలిస్తే ఎడమ కన్నుతో చూడొచ్చు. కానీ గడియ కుడిపక్కనుంటుందాయె, ఎడమచేత్తో కాల్చేవాడు చేతిని ముక్కు మీదుగా చుట్టి లాగాలి. కొట్టంలో చీపురుకర్రతో ఆరునెలలు ఆ విన్యాసం చేసి చూశాడు. ఆవులు మేత మానేసి చూశాయి. ఎడమచేతి తుపాకులు దొరక్కపోవు. దొరకాలంటే ఆర్డెన్‌ని అడగాలి. ఆర్డెన్‌ని అడగడమూ చర్చి గంట కొట్టడమూ ఒకటే. ఇక మిగిలింది ఒంటి తూటాది. గుర్రం నడిమధ్యన ఉంటుంది, ఏ చేతికైనా అందుతుంది. ఎవడికీ ఏమీ చెప్పక్కర్లేదు.

అలా అనుకుని వచ్చాడు. ఇక్కడ తీరా చూస్తే ఇదీ వరస.

ఆర్డెన్ మూడు తుపాకులు బల్ల మీద పరిచాడు. మూడూ ఒంటి తూటావే, గొట్టం లావులో తేడా. “ఇది సన్న తూటాది. దూరం పోతుంది, చెయ్యి మీద తన్నదు. దుప్పికి చాలు. ఎలుగుని కొడితే మాత్రం దానికి కోపం తెప్పించినట్టే. ఇదిగో ఈ లావుది, బొటనవేలంత తూటా. ఎలుగు కాదు, ఎలుగు తాత వచ్చినా పడుకోబెడుతుంది. నిన్ను కూడా. ఈ మధ్యది థర్టీ-థర్టీ తూటాది, తెలిసిందేగా.”

“దుప్పికీ ఎలుగుకీ ఒకటే ఉండాలి,” అన్నాడు హోబర్ట్. “ఇంకోటి కొనేది లేదు.”

“అయితే లావుది తీసుకో,” అన్నాడు ఒకడు.

“ఆ వయసులో లావుదా? ఎముక విరుగుద్ది. సన్నది తీసుకో తాతా,” అన్నాడు ఇంకొకడు.

“భుజానికి పెట్టి చూడు బాబాయ్. చెబితే తెలిసేది కాదు.”

అక్కడే చిక్కు. భుజానికి పెట్టి చూడాలి. ఏ భుజానికి? పదిమంది చూస్తున్నారు. హోబర్ట్ తీసుకుని కుడి భుజానికి పెట్టాడు. ఆ గొట్టం చివర పాలు ఒలికినట్టు తెల్లగా ఉందంతా. ఎడమకి కుదిరే చెప్పుని కుడికాలికి తొడిగి బాగుందో లేదో చెప్పమన్నట్టుంది. ఒకటి దించాడు, ఇంకోటి ఎత్తాడు. దించాడు. మొదటిది మళ్లీ ఎత్తాడు.

“బరువెలా ఉంది?”

“ఉంది.”

“గురి బాగుందా?”

“ఉంది.”

“కంచర గాడిదని కొనేటప్పుడు కూడా ఇంతకంటే రెండు మాటలు ఎక్కువ మాట్లాడావు బాబాయ్.”

ఆ రోజు కొనకుండానే వచ్చేశాడు. మూడు రోజులాగి పొద్దున్నే వెళ్లాడు, కొట్టు తెరవగానే ఖాళీగా ఉంటుందని. పొయ్యి దగ్గర డెల్మస్ కాఫీ తాగుతున్నాడు. ఇంకో రెండు రోజులాగి వానలో వెళ్లాడు. డెల్మస్ ఉన్నాడు.

“నీకు ఇల్లూ వాకిలీ లేవురా?”

“నిన్ను ఒంటరిగా వదిలితే సన్నది కొనుక్కొస్తావని భయం బావా.”

హోబర్ట్ పళ్లు నూరాడు. మధ్యది చూపించి “అది కట్టు” అన్నాడు. తొందరపడి అన్న మాట కాదు, అయిదు రోజులు ఆలోచించిందే. కనుమలో దేన్ని కాల్చినా ఎనభై అడుగులకో నూట యాభై అడుగులకో, పొదల్లోంచి. ఆ దూరంలో థర్టీ-థర్టీ దుప్పినీ పడేస్తుంది, నల్ల ఎలుగునీ పడేస్తుంది. అలవాటు లేని ఎడమ భుజం లావుదాని దెబ్బ ఓర్చుకోలేదు. ఈ చివరి మాట ఒక్కటీ బయటికి అనలేదు.

“మంచిదే,” అన్నాడు డెల్మస్, ఆశ్చర్యంగా. “దుర్భిణి పెట్టించు.”

“అక్కర్లేదు.”

“పెట్టించు. నేను కొనిస్తా.”

“ఒరేయ్, నాకక్కర్లేదన్నానా?”

“లెథాక్క మొగుడికి ఆ మాత్రం పెట్టుకోలేనా? ఆర్డెన్, మంచిది పెట్టు. చెట్టు మీద పిట్ట రెప్ప కొట్టడం కనబడాలి.”

అక్కడ పదినిమిషాలు గొడవయింది. మాట్లాడేవాడు ఒకడే అయితే గెలిచేది వాడే. ఆర్డెన్ దుర్భిణి బిగించాడు. అది గొట్టం మీద కిందికి కూచునేసరికి వెనక గుర్రం మీదికి వేలు దూరలేదు. అందుకని గుర్రానికి పక్కకి పొడుచుకొచ్చేలా ఒక చిన్న ఇనప ముక్క బిగించాడు, చెవిలాగ. ఆ చెవిని లాగితే గుర్రం లేస్తుంది. అందరికీ బిగించినట్టే కుడివైపు బిగించాడు. హోబర్ట్ నోరు తెరిచాడు. మూశాడు. గుడ్డలో చుట్టించుకుని తెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి వంటగదిలో కూచుని, చిన్న మర ఊడదీసి, ఆ చెవిని ఎడమవైపుకి తిప్పి బిగించాడు. లెథా బక్‌వీట్ పిండి అట్లు తిరగేస్తూ చూసింది.

“కొత్త తుపాకిని అప్పుడే విప్పుతున్నావేమయ్యా?”

“వదులుగా ఉంది.”

“పోయినేడు చొక్కాకి పిండి సంచి గుడ్డ వేసి కుట్టాను. ఈ ఏడు కుట్టను. తప్పితే ముడ్డికి చలేస్తుంది, చూసుకో.”

పాడుబడ్డ రాళ్ల గని దగ్గరికి వెళ్లి రోజూ అయిదేసి తూటాలు కాల్చాడు, ఎడమ భుజానికి ఆనించి. అట్టపెట్టె మూతకి మసితో చుక్క పెట్టుకున్నాడు. మొదటి రోజు ఒకటి తగిలింది. అరవై ఎనిమిదేళ్లు ఒక చెయ్యి చేసిన పని ఇంకో చెయ్యి నేర్చుకోనంటుంది. వేలు బిగించే క్షణంలో కుడి కన్ను తనే తెరుచుకుంటుంది. పాతకాపు, మాట వినదు. బిగబట్టి, తిట్టుకుని, ఆఖరి రోజుకి అయిదుకి మూడు కొట్టాడు. మూడంటే సగం కంటే ఎక్కువే కదా అని సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకోవాల్సి వచ్చినందుకు ఒళ్లు మండింది.

వేట సోమవారం. ఆదివారం మధ్యాహ్నానికే అందరూ గుడిసెకి చేరారు. ఆదివారం కాల్చకూడదు గనక తినడం, అబద్ధాలాడడం తప్ప పనుండదు. రాస్కో చిక్కుడు గింజలు ఉడకేశాడు. ఎనభై రెండేళ్లు ఆయనకి, వేట మానేశాడు, వంట మానలేదు. గుడిసెకి కొత్త తుపాకి వస్తే అది చేతులన్నీ తిరగాలి. ప్రతివాడూ విరిచి, లోపల ఖాళీ చూసి, గుర్రం లేపి దించి, ఏదో ఒక వంక పెట్టి పక్కవాడికివ్వాలి. అదో మర్యాద.

హోబర్ట్‌కి ఆ మర్యాద గుర్తులేదా? ఉంది. ఆదివారం బయల్దేరే ముందు చెవిని కుడివైపుకి తిప్పేయాలి, సోమవారం మాటులో కూచున్నాక మళ్లీ ఎడమకి తిప్పుకోవాలి అనుకున్నాడు. మర తిప్పే పనిముట్టు జేబులో వేసుకున్నాడు కూడా. వేసుకుని, తిప్పడం మరిచాడు. పది పన్నెండు రోజులు ఎడమ బొటనవేలితో లాగీ లాగీ, అదే సరైన పక్క అనిపించేసింది.

తుపాకి ముందు డెల్మస్ చేతిలోకే వెళ్లింది. విరిచాడు, చూశాడు, మూశాడు. దుర్భిణిలోంచి కిటికీ బయటికి చూసి “అబ్బో” అన్నాడు. కుడి బొటనవేలు పెట్టి గుర్రం లాగబోయాడు. వేలు గాల్లో ఆడింది. మళ్లీ తడిమాడు. తుపాకిని పక్కకి తిప్పి చూశాడు.

డెల్మస్ మాట్లాడకుండా ఉండడం గుడిసెలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

“ఏముందిరా, పిల్లపాముందా?” అన్నాడు రాస్కో గరిటె పట్టుకుని.

“ఏం లేదు,” అన్నాడు డెల్మస్. “బావా, కట్టెలు అయిపోయాయి. రా, నాలుగు కొడదాం.”

కట్టెలు నడుమెత్తున ఉన్నాయి. అయినా హోబర్ట్ లేచి వెళ్లాడు. తుపాకిని డెల్మస్ తనతోనే తెచ్చి కట్టెల కుప్పకి ఆనించాడు.

“ఏ కన్ను?”

హోబర్ట్ గొడ్డలి అందుకున్నాడు.

“కట్టెలు తర్వాత. ఏ కన్ను?”

“కుడి.”

“ఎన్నాళ్లయింది?”

“రెండేళ్లు.”

“అంటే పోయినేడు...”

“రెండు కనబడ్డాయి.”

“ఏదాన్ని కాల్చావు?”

“మధ్యలో.”

ఇంకోసారైతే ఆ మాటకి డెల్మస్ దొర్లి దొర్లి నవ్వేవాడు. నవ్వలేదు. కట్టెలు కొట్టే మొద్దు మీద కూచున్నాడు.

“తుప్పు లేదా?”

“లేదు.”

“బొత్తిగా?”

“లేదన్నానుగా. చెప్పుకో, పో. గుడిసెలోకి పోయి అందరికీ చెప్పు. కనుమ నీకొస్తుంది. ఏడాదిగా దానికేగా వెంటపడ్డావు. కొత్తది కొను, కొత్తది కొను అని. తప్పితే తుప్పు సాకు కూడా ఉండదనేగా?”

నలభై ఏళ్లలో డెల్మస్‌తో హోబర్ట్ ఒక్క గుక్కలో అన్ని మాటలన్నది అదే మొదలు.

డెల్మస్ కనుమ వైపు చెయ్యి చూపించాడు. “బండకి ఎడమపక్కనే కాల్చాలి నువ్వు. అవునా?”

“అవును.” కనుమ వాలులో పెద్ద బండ ఉంది. దానికి కుడివైపు కాలిస్తే తూటా వాగు మలుపుకి దిగుతుంది. అందుకే ఆ హద్దు. వాళ్ల నాన్న పెట్టింది.

“పోయినేడు నీ తూటా వచ్చి నా హెమ్లాక్‌కి తగిలింది. నా టోపీకి జానెడు పైన. బెరడు లేచి మెడలో పడింది. ఇంటికెళ్లి చొక్కా విప్పితే ఇంకా ఉంది.”

హోబర్ట్ గొడ్డలి దించాడు.

“ఎవరికీ చెప్పలేదు,” అన్నాడు డెల్మస్. “చెబితే ఆ రోజే నిన్ను కొండ దింపేసేవాళ్లు. అక్క ఏమైపోతుంది? నీ తప్పు కాదనుకున్నా. తుప్పు గొట్టం, తూటా అడ్డం తిరిగిందనుకున్నా. నువ్వు అలాగే చెప్పావు కదా.”

“నేను చెప్పలేదు.”

“కాదనలేదు! ఏం తేడా? ఏడాదంతా నీ వెనకబడి ఆ తుపాకి మార్పించాలని నోరు అరగదీసుకున్నా. దుర్భిణి ఎందుకు కొనిచ్చాను, ముచ్చటకా? రేపు పొద్దున మళ్లీ అదే చెట్టు కింద కూచోవాలి గదా నేను!”

లోపల రాస్కో గరిటెతో గిన్నె మోగించాడు. ఇద్దరూ కదల్లేదు.

“ఎడమచేత్తో ఎలా కొడుతున్నావు?” అన్నాడు డెల్మస్.

“అయిదుకి మూడు.”

“మిగతా రెండూ?”

హోబర్ట్ వాగు వైపు చూశాడు. జవాబు అక్కడే, మలుపులో ఉంది.

“నాకు కనుమ అక్కర్లేదు,” అన్నాడు డెల్మస్ లేస్తూ. “కావాలి, కాదని అనను. ఇలా అక్కర్లేదు. నువ్వే ఆలోచించుకో.” చెయ్యి చాపి నాలుగు కట్టెలు ఎత్తుకున్నాడు, వచ్చిన పని చేసినట్టు కనబడాలని. లోపలికెళ్లి, “ఆర్డెన్ గాడికి కళ్లు దొబ్బాయర్రా, చెవి తప్పు పక్క బిగించాడు” అని గట్టిగా అనడం గోడ ఇవతలికి వినబడింది. నవ్వులు కూడా.

ఆ నవ్వులు హోబర్ట్‌కి తిట్టు కంటే ఎక్కువ తగిలాయి. మొదటి అబద్ధాన్ని తుప్పు మోసింది, ఇప్పుడు రెండోదాన్ని ఆర్డెన్ మోస్తున్నాడు. ఆ అబద్ధమాడిందీ తన మాట నమ్మి చెట్టు కింద కూచున్నవాడే. ఆ సాయంత్రం చిక్కుడు గింజలు మట్టిలా ఉన్నాయి. ఎవడేమడిగినా ‘ఊఁ’ అన్నాడు. అదెవరికీ కొత్త కాదు గనక ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు లేచాడు. పొయ్యి రాజేసి కాఫీ పెట్టాడు. ప్యాంటులోంచి చొక్కా పైకి లాగి, వెనక అంచుని, లెథా పిండి సంచి గుడ్డ వేసి కుట్టిన చోట, రాస్కో కూరగాయల కత్తితో కోశాడు. వంకరగా వచ్చింది. పోయినేటి ముక్క పక్కన మేకు పెట్టి కొట్టాడు. ఆ చప్పుడికి అందరూ లేచి కూచున్నారు.

“ఇంకా తెల్లారనే లేదు, ఎవడు తప్పాడురా?” అన్నాడు రాస్కో.

హోబర్ట్ పెన్సిల్ తీసుకుని పాత ముక్క మీద ‘తుప్పు’ కొట్టేశాడు. దాని కింద ‘కన్ను’ అని రాశాడు. కొత్త ముక్క మీద కూడా పేరు రాసి, ‘కన్ను’ అని రాశాడు. ఆయన చదివింది మూడేళ్లే, రాయడానికి కొంచెం టైము పట్టింది.

తర్వాత తుపాకి తీసుకుని, డెల్మస్ బూట్లు తన్ని వాడి ముందుకి జరిపాడు. “కనుమకి పో. బండకి ఎడమపక్క,” అన్నాడు. తను కొండ దిగి, హెమ్లాక్‌ని దాటి, వాగు అడుగున ఎదురుగా నిట్టనిలువు మట్టికట్ట తప్ప తూటా తగలడానికి ఇంకేమీ లేని చోట కూచున్నాడు. ఒక్క తూటా పెట్టి మూశాడు. వెనక నడుం దగ్గర చలి కొడుతోంది.